అమ్మినవాని చేతి తాళపుచెవి

మన దేశమున భూమి నమ్మినవాడు వ్రాసియిచ్చు దస్తావేజులో తఱుచుగా నొక వాక్యసరణి కనబడును. కొన్నవాడు ఆ యాస్తిని దాన వినిమయ విక్రయములకు యోగ్యముగా, పుత్రపౌత్ర పారంపర్యముగా, సర్వస్వతంత్రములతో ననుభవింపవచ్చునని యందు వ్రాయుదురు. వ్రాతగాని పాతమాటలే కదా యని మనము వానిని చదువకయే చేవ్రాలు చేయుచుందుము. కాని యోచించి చూచినచో అమ్మకమను క్రియకు ఇంతకన్న చక్కని నిర్వచనము దొరకుట కష్టము. ఇచ్చివేయుటకు, మార్చుకొనుటకు, మరల నమ్ముకొనుటకు వీలైనదే కొన్న వస్తువు. ఈ మూడింటిలో నొక్కటియు చేయ వీలులేని దానిని కొన్నామనుట యెట్లు? అమ్మితిమనుట యెట్లు?

ఈ ప్రశ్న నేడు మన పిల్లల యాటలయెడ పుట్టినది. వీడియో గేములని పిలువబడు నాటల గుఱించి యిట్టి పత్రికలో వ్రాయుట కొందఱు చదువరులకు వింతగా దోపవచ్చును. పిల్లలు వాని నాడదగునా, ఆడినచో నెంతసేపు అనునది వేఱు చర్చ. దాని నిచ్చట తలపెట్టము. చదరంగపు బల్ల నమ్మినవాడు పదేండ్ల తరువాత కొన్నవాని యింటికి వచ్చి పావులను మూటగట్టుకొని పోయినచో, చదరంగము కాలహరణమా కాదా యని మనము విచారించుచు కూర్చుండము గదా.

జరిగిన దొకటి చెప్పెదము. ఫ్రాన్సుదేశపు యూబీసాఫ్టు సంస్థవారు 2014 డిసెంబరులో 'ది క్రూ' యను మోటారుకార్ల యాట నొకదానిని విడుదల చేసిరి. అమెరికా సంయుక్తరాష్ట్రముల నన్నిటిని చిన్నవిగా జేసి యొక్క పటములో నిమిడ్చి, ఒక సముద్రపుటొడ్డునుండి రెండవ సముద్రపుటొడ్డువఱకు ఆటగాడు కారు నడపుకొని పోవునట్లు దానిని కూర్చిరి. పదుగురితో గూడి యాడవచ్చును. ఒంటరిగా కథ ననుసరించియు నాడవచ్చును. అయితే ఒంటరిగా నాడువాడు సైతము ఇంటర్నెట్టు ద్వారా సంస్థవారి సర్వరుతో, అనగా వారి యధీనములో దూరముననెక్కడనో యుండు కంప్యూటరుతో, ఎడతెగని సంబంధము కలిగియుండవలెను. ఆ సంబంధము లేనిదే యాట తెఱచుకొనదు. తొమ్మిదేండ్లు గడచినవి. 2023 డిసెంబరులో సంస్థవారు దాని యమ్మకమును నిలిపివేసి, 2024 మార్చి 31వ తేదీన సర్వరులను మూసివేసిరి. ఆ దినముతో ఆట నిలిచిపోయెను. అంగడిలో డిస్కు కొని బీరువాలో దాచుకొన్నవానికిని నిలిచిపోయెను. వెల చెల్లించి ఇంటర్నెట్టునుండి దింపుకొన్నవానికిని నిలిచిపోయెను. ఆ పిమ్మట కొలది దినములలోనే కొనుగోలుదారుల ఖాతాలనుండి ఆ యాట లైసెన్సును సైతము తొలగించుచున్నారని తెలియవచ్చెను.

డిస్కు విఱుగలేదు. యంత్రము చెడలేదు. కొన్నవాడు ఏ షరతును మీఱలేదు. అతని గృహములో నతని వస్తువు అతని యనుమతి లేకయే పనికిమాలినదయ్యెను. అగ్నిప్రమాదము గాదు, దొంగతనము గాదు; అమ్మినవాడు తనవద్ద నుంచుకొన్న తాళపుచెవిని త్రిప్పెను, అంతియే.

ఈ తాళము లొక్కనాడు పుట్టినవి గావు. ఒకడు కొని పదిమందికి నకలు తీసియిచ్చుచున్నాడని ఆటలు తయారుచేయువారు తొలినుండియు మొఱపెట్టుచునే యుండిరి. అప్పటి యుపాయములు కొన్ని ముచ్చటగా నుండెడివి. 1990లో వెలువడిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్' అను ఓడదొంగల యాటతోపాటు, ఒకదానిపై నొకటి తిరుగు రెండు అట్టచక్రముల నిచ్చిరి. తెఱమీద నొక ఓడదొంగ ముఖము కనబడగానే, ఆటగాడు చక్రములను త్రిప్పి ఆ ముఖమును కూర్చి, అక్కడ కనబడిన సంవత్సరమును చెప్పవలెను. చెప్పినవానికే ప్రవేశము. అదియు తాళమే. కాని దాని చెవి పెట్టెలోనే కొన్నవాని చేతికి వచ్చెను. తయారుచేసినవారు దుకాణము కట్టివేసినను, అట్టచక్రము పోగొట్టుకొననంతకాలము ఆట తెఱచుకొనును. దానిని తమ్మునికి ఇచ్చునప్పుడు చక్రమునుగూడ నిచ్చిన సరిపోవును.

తరువాత తాళము నిలిచినది గాని చెవి చేతులు మాఱినది. 2008లో ఎలక్ట్రానిక్ ఆర్ట్సు సంస్థవారు 'స్పోర్' అను నాటను మూడుమార్లకన్న నెక్కువగా కంప్యూటరులలో నెక్కించుకొనరాదని కట్టడి చేసి, కొన్నవారు గగ్గోలు పెట్టగా మూడింటిని అయిదు చేసిరి. అంతటి తాళము వేసిన ఆ యాటయే ఆ సంవత్సరమున దొంగప్రతులు విరివిగా వ్యాపించినవానిలో నొకటి. 2010 మార్చిలో యూబీసాఫ్టువారు మఱొక యడుగు ముందునకు వేసి, 'అసాసిన్స్ క్రీడ్ 2' మొదలగువాని కంప్యూటరు ప్రతులు ఆడుచున్నంతసేపును సర్వరుతో సంబంధము నిలిచియుండవలెనని విధించిరి. ఆ నెలలోనే వారి సర్వరులపై ఎవరో దాడి చేసిరి. వెల చెల్లించినవారు తమ యాటకు తాము వెలుపల నిలువవలసివచ్చెను. తాళము నూడబెఱికి తీసిన దొంగప్రతికి సర్వరుతో పనియే లేదు గనుక దాని నాడువానికి ఆ బాధ తెలియదు. ఇట్టి తాళము దొంగను గాక దొరను నిలబెట్టి సోదా చేయును. ఆ నిర్బంధమును యూబీసాఫ్టువారే కొంతకాలమునకు వదలుకొనిరి. కాని పైని చెప్పిన కార్ల యాటలో నది వేఱురూపమున తిరిగి వచ్చినది.

2013 మార్చిలో వెలువడిన 'సిమ్ సిటీ' కథ యింకను విచిత్రము. పట్టణమును నిర్మించి పాలించు నాట యది. ఒక్కడు కూర్చుండి యాడుకొనదగినది. దానికిని సర్వరు తప్పనిసరి చేసిరి. విడుదలైన దినములలో సర్వరులు జనసమ్మర్దమునకు తట్టుకొనలేక కూలబడెను. అమెజాన్ అంగడివారు కొన్నాళ్ళు దాని యమ్మకమునే నిలిపిరి. ఆట లెక్కలలో పెద్దభాగము మా సర్వరులలోనే జరుగుచున్నది, సంబంధము లేనిదే యాట నడువదు అని తయారుచేసినవారు సమాధానము చెప్పిరి. కొలది దినములలోనే యొక నేర్పరి ఆ సంబంధమును తెంచి, ఆట చాలవఱకు నడచుచునే యున్నదని చూపెను. ఒక సంవత్సరము గడచిన పిమ్మట, 2014 మార్చిలో, సర్వరుతో పనిలేకుండ నాడుకొను వీలును సంస్థవారే కల్పించిరి. అసాధ్యమన్నది సాధ్యమైనందుకు సంతోషమే. కాని మొదట నసాధ్యమని యేల చెప్పవలసివచ్చెనో వారు చెప్పలేదు.

తయారుచేయువారి పక్షమును వినకయే తీర్పు చెప్పుట న్యాయము గాదు. ఒక పెద్ద యాటను కూర్చుటకు వందలకొలది జనులు ఏండ్లతరబడి పనిచేయుదురు. చిత్రకారులు, సంగీతజ్ఞులు, కథకులు, గణితజ్ఞులు అందులో నుందురు. వారి శ్రమఫలమును విడుదలైన దినముననే దొంగిలించి పంచిపెట్టువారును కలరు. మన పట్టణములలో కాలిబాటలమీద నకలు డిస్కులు కూరగాయలవలె గంపలలో పోసి యమ్మిన దినములు మనకు తెలియనివి గావు. ఎఱిగియు కొన్నవారిలో చదువుకొన్న గృహస్థులును ఉండిరి. దొంగతనము దొంగతనమే, సొమ్ము పెద్దసంస్థది గనుక దోషము లేదనువారితో మేమేకీభవింపము. మఱియు పదిమంది గూడి యాడు నాటలలో మోసమును కనిపెట్టుటకు నడుమ నొక పర్యవేక్షకుడుండుట యవసరమని యొప్పుకొందుము. అట్టి యాట నాటకప్రదర్శనము వంటిది. తెఱదించిన తరువాత టిక్కెట్టు చూపి మరల నాడుమని యడుగువాడెవ్వడు?

కావున తాళము వేయుటయే పాపమని మా వాదము గాదు. గృహస్థుడు తన యింటికి తాళము వేసికొనును, వేసికొనవలెను. తాను విక్రయించిన యింటికి తాళము వేసి చెవిని మొలనుంచుకొనుట మాత్రము వేఱు.

నూఱేండ్లకు పూర్వము ఈ సంగతియే పుస్తకములయెడ విచారణకు వచ్చినది. అమెరికాలో బాబ్స్ మెరిల్ అను ప్రకాశకులు 'ది కాస్టవే' యను నవలను ప్రచురించి, దీనిని ఒక డాలరుకు తక్కువగా నెవ్వరమ్మినను మా హక్కునకు భంగము చేసినట్లేయని పుస్తకములోనే యచ్చువేసిరి. మేసీ దుకాణపు యజమానులు దానిని 89 సెంట్లకు అమ్మిరి. 1908లో అమెరికా సుప్రీముకోర్టు ప్రకాశకుల వాదమును త్రోసివేసినది. ఒకమారు అమ్మినప్రతిపై ప్రకాశకునికి ఆ విధమగు నధికారము నిలువదని దాని తాత్పర్యము. గ్రంథము రచయితది, ప్రతి కొన్నవానిది. నకలు తీయుటకు వానికి హక్కు లేదు. చదివి స్నేహితునికిచ్చుటకు, పాతపుస్తకముల యంగడిలో అమ్ముటకు హక్కు కలదు. ఈ భేదము తెలియుటకు న్యాయశాస్త్రము చదువ నక్కఱలేదు. పొరుగింటి పుస్తకము నడిగి తెచ్చుకొని చదివిన ప్రతి గృహిణికిని తెలియును.

ఈ భేదమును తప్పించుటకు కనిపెట్టిన మాటయే లైసెన్సు. మేము మీకు వస్తువు నమ్మలేదు, వాడుకొనుట కనుమతి నిచ్చితిమి, ఆ యనుమతిని మేము ఉపసంహరింపవచ్చును అని, ఎవ్వరును చదువని పొడుగాటి షరతులలో నెక్కడనో వ్రాయుదురు. బొత్తాముమీద మాత్రము 'కొనుడు' అనియే యుండును. వెల చెల్లించునప్పు డొకమాట, వివాదము వచ్చినప్పు డొకమాట. సంతలో తూకపురాళ్ళు రెండువరుసలు పెట్టుకొన్న వర్తకుని మనమేమందుము?

పుస్తకములకును ఈ దశ తప్పలేదు. 2009 జులైలో అమెజాన్ వారు తమ కిండిల్ యంత్రములమీద అమ్మిన జార్జి ఆర్వెల్ గ్రంథముల రెండింటిని కొన్నవారి యంత్రములనుండి దూరమునుండియే తుడిచివేసిరి. అమ్మినవారికి ఆ హక్కు లేకపోయెనని తరువాత తెలిసినదట. సొమ్ము తిరిగి యిచ్చిరి, సంస్థాధిపతి క్షమాపణయు చెప్పెను. ఆ రెండింటిలో నొకటి పాతవ్రాతలను ప్రభుత్వమువారు తుడిచి మాయముచేయుటను గుఱించినదే యగుట కాకతాళీయము. అంగడివాడు పొరపాటున అమ్మిన పుస్తకమునకై రాత్రివేళ మన గది తలుపు తెఱచి బల్లమీదినుండి దానిని తీసికొనిపోయి నాణెములు పెట్టిపోయినచో, నాణెములు సరిగా నున్నవి గదా యని మనము మరల నిద్రింతుమా?

కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2024లో నొక శాసనము చేసి 2025 జనవరి 1నుండి అమలుజరిపిరి. శాశ్వతముగా దింపి దాచుకొనుటకు వీలులేని ఆటలు, పుస్తకములు, చలనచిత్రములు మొదలగువానిని అమ్మునప్పుడు, ఇది లైసెన్సు మాత్రమేయని స్పష్టముగా చెప్పకుండ 'కొనుడు' అను మాటను వాడరాదు. అది యమలునకు రాకమునుపే 2024 అక్టోబరులో స్టీమ్ అను పెద్ద యాటలయంగడివారు వెల చెల్లించు తావుననే ఆ సంగతిని తెలుపసాగిరి. సత్యము పలికించినందుకు ఆ శాసనకర్తలు మెచ్చదగినవారు.

అయినను మాకొక శంక కలదు. లైసెన్సని నిజము చెప్పినంతమాత్రమున సరిపోవునా? మన పల్లెలలో కౌలునకు తీసికొన్న రైతు తనది కౌలని యెఱుగును. ఎన్ని సంవత్సరముల కౌలో కూడ నెఱుగును. పంట చేతికి రాకముందే దిగిపొమ్మనుట యెంతటి యధర్మమో ఊరివారందఱును ఎఱుగుదురు. అద్దెయింటివాడు నెలనెలకు చెల్లించును. ఖాళీచేయుమన్నప్పుడు చెల్లింపును నిలిచిపోవును. భోగబంధకమునకైనను గడువుండును. ఈ యాటల లైసెన్సునకు గడువేది? వెల యంతయు మొదటనే పుచ్చుకొందురు, అమ్మకమువలె. వస్తువును తమకు తోచినప్పుడు నిలుపుదురు, కౌలుకన్న కనికష్టముగా. దినమునకు మూడుపూటల భోజనమునకు సొమ్ము గట్టించుకొని, వంటయిల్లు ఎప్పుడు మూయుదుమో మాయిష్టము అనెడి పూటకూటియిల్లు ఏ యూరనైన నిలిచినదా? దేనినైనను లైసెన్సుగా నీయదలచినవారు ఫలానా తేదీవఱకు నాడుకొనవచ్చునని పెట్టెమీద ముద్రింపవలెను. ముద్రించినచో ఆ వెలకు కొనువారెందఱుందురో వారికే తెలియును. ముద్రింపకపోవుటకు కారణమును అదియే యని మా యనుమానము.

ఇక సర్వరులను ఎల్లకాలమును నడుపుడని కోరుట యన్యాయమని కొందఱందురు. మేమును అట్లే యందుము. సర్వరునకు విద్యుత్తు కావలెను, మనుష్యులు కావలెను, సొమ్ము కావలెను. ఆడువారు నూర్గురైనప్పుడు లక్షలమందికై కట్టినదానిని నిలుపుమనుట తగదు. ఐరోపాలో రాస్ స్కాట్ అనునాతడు 2024లో నారంభించిన యుద్యమమువారును అట్లు కోరుటలేదు. వారి కోరిక యింతమాత్రమే: మీరు వెళ్ళునప్పుడు ఆటను ఆడదగిన స్థితిలో విడిచి పొండు. ఐరోపా సమాఖ్యకు వారు పెట్టుకొన్న మహజరుమీద 2025 జులైలో సంతకములు పదిలక్షలు దాటినవి. ఆటలాడు యువకులు ఒక ధర్మసూక్ష్మమునకై ఇన్ని సంతకములు చేసిరన్న, వారిని కాలహరులని మనము తేలికగా త్రోసివేయరాదు.

అది చేయరానిదా? చేసినవారు కలరు. 'నాకౌట్ సిటీ' యను ఆటను కూర్చిన చిన్నసంస్థ 2023లో తమ సర్వరులను మూయుచు, ఆటగాండ్రు తమ సొంత సర్వరులను పెట్టుకొనుటకు వీలగు ప్రతిని ఉచితముగా విడుదలచేసి పోయెను. 2024 జనవరిలో 'గ్రాన్ టురిస్మో స్పోర్ట్' సర్వరులు మూతపడుటకు ముందే, ఒంటరిగా నాడుకొనువారికి సర్వరుతో పనిలేకుండ చేసిరి. అదే సంవత్సరము ఆగష్టులో సోనీవారు 'కాంకర్డ్' అను నాటను విడుదలచేసి, ఆదరణ లేకపోగా రెండువారములకే మూసివేసిరి. కాని కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి. నష్టము తమదని తామే యనుభవించుట వ్యాపారములో గౌరవమైన పద్ధతి. పోలండుదేశపు జి.ఓ.జి. అంగడివారు 2008నుండియు తాళములులేని యాటలనే యమ్ముచున్నారు. కొన్నవాడు దింపుకొని దాచుకొనవచ్చును. అంతయెందుకు, 'ది క్రూ' మూతపడినప్పుడు పుట్టిన యలజడి చూచి యూబీసాఫ్టువారే దాని తరువాతి యాటలకు సర్వరు లేకుండ నాడు వీలు కల్పింతుమని 2024లో మాట యిచ్చిరి. మొదటిదానికి మాత్ర మది దక్కలేదు.

సొమ్ము సంగతి యిట్లుండ, మా మనస్సునకు ఎక్కువగా తగులునది మఱొకటి. మొదట చెప్పిన మూడు మాటలలో దానము మొదటిది. ఇచ్చుట పిల్లలు వస్తువులవలననే నేర్చుకొందురు. అన్న పెద్దవాడై చిన్నబడిన చొక్కాతోపాటు తన గోళీలను, బొంగరమును తమ్మునికిచ్చును; అక్క తన పుస్తకములను చెల్లెలికిచ్చును. తనదైనదానినే యీయగలరు. తనది కానిదాని నిచ్చుట దానము గాదు, అతిక్రమము. మేమెఱిగిన యొక యింట పెద్దకొడుకు చదువునకై పరదేశము పోవుచు, తాను పదేండ్లుగా పరీక్షలలో మార్కులకు బహుమానముగా సంపాదించుకొన్న యాటల నన్నిటిని చెల్లెలి పేరిట వ్రాయబూనెను. అంగడివారి షరతులను వెదకి చూడగా ఖాతా నింకొకరికి మార్చుటకు వీలులేదని యుండెను. పదేండ్ల బహుమానములు వాని పేరుతో గట్టివేయబడినవి. రహస్యపదమును చెల్లెలికి చెప్పిపోవుటయే మిగిలిన మార్గము; అదియు షరతులకు విరుద్ధమే. చెల్లెలికిచ్చుటకు అబద్ధమాడవలసిన గతి పిల్లవానికి పట్టినది.

2013లో మైక్రోసాఫ్టువారు తమ క్రొత్త ఎక్స్‌బాక్స్ యంత్రమును గుఱించి చెప్పుచు, దినమున కొక్కమారైన అది ఇంటర్నెట్టుతో సంబంధము పొందవలెననియు, డిస్కును స్నేహితునికి ఇచ్చుటయు కొన్ని కట్టడులకు లోబడియే యుండవలెననియు తెలిపిరి. ముప్పదిదినములనుండి మనకు స్నేహితుడుగా నమోదైనవానికే, అదియు నొక్కమారే ఈయవచ్చునట. స్నేహమునకు ముప్పది దినముల గడువు పెట్టిన శాస్త్ర మేదియో మాకు తెలియదు. పోటీదారులైన సోనీవారు దానికి జవాబుగా, తమ యంత్రముపై ఆటను స్నేహితునికి ఎట్లీయవలెనో నేర్పు చిన్న చలనచిత్రము నొకదానిని విడుదలచేసిరి. అందులో నొకడు మఱొకనికి డిస్కును చేతి కందించును. పాఠ మంతటితో ముగిసినది. లోకము నవ్వినది, ఆ జూన్ నెల వెళ్ళకముందే మైక్రోసాఫ్టువారు తమ నిబంధనలను వెనుకకు తీసికొనిరి. అయితే తరువాత డిస్కులే కొఱవడి, ఆటలు ఖాతాలలోనే దిగుచుండుటచే, నాడు త్రోసిరాజనిన కట్టడి నేడు సద్దులేకుండ నిలిచినది.

గ్రంథాలయముల గతియు నిట్లే యున్నది. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన యాటలలో నూటికి 87 అంగడిలో దొరకుటలేదని అచ్చటి వీడియో గేముల చరిత్ర సంస్థవారు 2023లో లెక్కతేల్చిరి. వానిని పరిశోధకులకు దూరమునుండి చూపుటకు అనుమతింపుడని గ్రంథాలయములు వేడుకొనగా, 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు కాపీరైటు కార్యాలయమువారు నిరాకరించిరి. మన పూర్వగ్రంథములు తాటియాకులమీద నిన్ని శతాబ్దములు బ్రదికివచ్చినవన్న, ఎవని యింటి యటుకమీదనో ఒక ప్రతి యుండుటచేత గదా. ఆ ప్రతికి మూలస్థానములో నొక చెవి యుండి, అది యొకనాడు త్రిప్పబడినయెడల నేమి మిగిలియుండెడిదో చదువరులే యూహించుకొందురు గాక.

కడపట నొక చిక్కుప్రశ్న మిగిలినది. వెల చెల్లించి కొన్న యాట మూతపడినప్పుడు, కొన్నవాడు ఆ తాళమును తానే యూడదీసికొనవచ్చునా? ఊడదీసినవాడు దొంగయా? అమెరికావారి 1998నాటి శాసనము నకలు తీయుట సంగతి యటుంచి, తాళమును తప్పించుటనే నేరముగా నెంచినది. ఆ కాఠిన్యమునకు మినహాయింపుగా, సర్వరు మూతపడిన ఆటను ఒంటరిగా నాడుకొనుటకై దాని తాళమును తీయవచ్చునని 2015లో నొప్పుకొనిరి. మన దేశములో 2012లో కాపీరైటు చట్టమునకు చేర్చిన 65ఏ సెక్షను తాళమును తప్పించినవానికి రెండేండ్లవఱకు శిక్షను విధించుచున్నది. కాని హక్కును భంగపఱచు నుద్దేశముతో చేసినవానికే యని యందున్నది. ఉద్దేశమును చూడుమనుట మాకు న్యాయముగా దోచుచున్నది. పొరుగువాని తలుపు విఱిచినవాడును, చెవి పోయిన తన తలుపు విఱిచినవాడును చేసిన చప్పుడొక్కటియే. ఊరివారు మాత్రము ఇరువురిని ఒక్కరీతిగా పట్టుకొనరు. వెల చెల్లించి, నకళ్ళు పంచక, తన గదిలో తన యాటను తెఱచుకొన్నవానిని దొంగయనుటకు మాకు నోరాడదు.

'ది క్రూ' నాడినవారిలో కొందఱు ఈ తీర్పులకై కనిపెట్టుకొని కూర్చుండలేదు. కూలి యెవ్వరిచ్చువారును లేకయే యేడాదికి మించి పనిచేసి, మూతపడిన సర్వరు చేయుచుండిన పనిని చేయు క్రొత్త సర్వరును తామే నిర్మించి 2025 సెప్టెంబరులో విడుదలచేసిరి. పాతప్రతి దాచుకొన్నవారు దానితో మరల నాడుకొనుచున్నారు.